చెల్లెలి నికాహ్‌నామాలో షరతులు రాయించాలనుకుంటున్నాం, పెద్దలు వద్దంటున్నారు

బైరాగిపట్టెడ ఆపా | శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ సలాం, నమస్కారం.

మాది తిరుపతి. మా చెల్లెలికి పలమనేరు వైపు సంబంధం కుదిరింది. వచ్చే నెల రెండో ఆదివారం మా ఇంటి దగ్గరే నికాహ్. అబ్బాయి మంచివాడు, ఇంట్లోవాళ్లూ మర్యాదస్తులే. నా టెన్షన్ అంతా నికాహ్‌నామా, అంటే పెళ్లి ఒప్పంద కాగితం గురించి.

అది ఎందుకో తెలియాలంటే నా సంగతి కొంచెం చెప్పాలి. పదకొండేళ్ల కిందట నా నికాహ్ అయింది. లోపలి గదిలో ఆడవాళ్ల మధ్య తల వంచుకుని కూర్చున్నాను. వకీలుగా, అంటే అమ్మాయి తరఫు పెద్దగా మా మామ, ఆయనతో ఇద్దరు సాక్షులు వచ్చారు. ఇంత మెహర్‌కు (అబ్బాయి అమ్మాయికి ఇవ్వాల్సిన సొమ్ముకు) ఒప్పుకుంటున్నావా అని మూడుసార్లు అడిగితే తల ఊపాను. రిజిస్టరు నా ఒళ్లో పెట్టి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించారు. ఆ వేలు తప్ప ఆ పేజీలో నేను ఇంకేమీ చూడలేదు. అంతా ఉర్దూ. నేను చదివింది తెలుగు మీడియం.

ఐదేళ్లకు కాపురం చెడింది. ఆ వివరాలు ఇక్కడ వద్దు. అప్పుడు నకలు తీయించి, ఉర్దూ వచ్చిన ఒక పెద్దాయన దగ్గర చదివించుకున్నాను. మెహర్ 10,786 రూపాయలు, పక్కన "మువజ్జల్" అని ఉంది. తర్వాత ఎప్పుడో ఇస్తామని దాని అర్థమట. వెంటనే ఇచ్చేదైతే "ముఅజ్జల్" అని రాస్తారట. ఒకదాంట్లో ఐన్, ఇంకోదాంట్లో వావ్. ఒక్క అక్షరం తేడా! మా అబ్బా మాత్రం జోడా (కట్నం) కింద రెండు లక్షలు, బండి, సామాను నికాహ్‌కు ముందే ఇచ్చేశారు. నాకు రావాల్సిన పదివేలు ఏనాడూ రాలేదు. రెండేళ్లు తిరిగి, ఆ మెహర్ మాఫ్ చేస్తేనే నాకు ఖులా (భార్య అడిగి తీసుకునే విడాకులు) దొరికింది.

అందుకే చెల్లెలి కాగితంలో నాలుగు మాటలు ఉండాలని అడుగుతున్నాను. మెహర్ ఆ మజ్లిస్‌లోనే (నికాహ్ సభలోనే) చేతికి ఇవ్వాలి. తను ఉద్యోగం మానక్కర్లేదు. తను ఉండగా ఆయన రెండో నికాహ్ చేసుకోకూడదు. అవసరమైతే విడాకులు తీసుకునే హక్కు తనకూ ఉండాలి.

మా చిచ్చా (బాబాయి) అయితే గట్టిగానే అన్నారు: "పెళ్లి మాటల్లో తలాక్ మాట ఏందమ్మా, అపశకునం. ఇవన్నీ టీవీలో మాట్లాడే ఆడవాళ్ల దగ్గర నేర్చుకున్నారు" అని. ఇది దీన్‌కు, మన మతానికి వ్యతిరేకమా? మన వైపు ఎవరైనా ఇలా రాయించారా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

మదనపల్లె మాస్టారు | శుక్రవారం, రాత్రి 10:25

అమ్మా, మీ చిచ్చాగారికి నా తరఫున సలాం చెప్పి ఒక్క మాట అడగండి. ఖురాన్ నాలుగో సూరా (అధ్యాయం) 21వ ఆయత్‌లో (వాక్యంలో) నికాహ్‌ను గట్టి ఒప్పందం అన్నారు కదా, ఒప్పందమన్నాక రెండు వైపులా మాట ఉండదా?

ఇది టీవీ నేర్పిన సంగతి కాదు. దేవ్‌బంద్ మదర్సాలో చదువుకున్న సయ్యద్ ముంతాజ్ అలీ గారు 1898లో ఆడవాళ్ల హక్కుల మీద ఉర్దూలో పుస్తకం రాశారు. అదే ఏడాది ఆయనా, ఆయన భార్య ముహమ్మదీ బేగం గారూ లాహోర్ నుంచి ఆడవాళ్ల కోసం వారపత్రిక మొదలుపెట్టారు. సంపాదకురాలు ఆవిడే. 1911లో కలకత్తాలో బేగం రొకేయా గారు ముస్లిం ఆడపిల్లల బడి పెట్టి, ఇంటింటికీ వెళ్లి పిల్లల్ని అడిగి తెచ్చుకున్నారు. పరదా కట్టిన బండిలో బడికి తీసుకెళ్లేవారు. వీళ్లెవరూ దీన్‌ను వదిలిపెట్టి మాట్లాడినవాళ్లు కాదు.

ఇంకా వెనక్కి వెళ్తే బరీరా సంగతి ఉంది. ఆమె బానిసత్వం నుంచి విడుదలైంది. భర్త ముగీస్ ఇంకా బానిసే. విడుదలైన ఆడదానికి ఆ భర్తతో ఉండాలా వద్దా అని తేల్చుకునే హక్కు ఉంది, ఆమె వద్దంది. ముగీస్ మదీనా వీధుల్లో ఏడుస్తూ ఆమె వెంట తిరిగేవాడు, కన్నీళ్లు గడ్డం మీదుగా కారేవి. ప్రవక్త గారికే జాలివేసి, మళ్లీ అతని దగ్గరికి వెళ్లకూడదా అని అడిగారు. "ఇది మీ ఆజ్ఞా?" అని అడిగింది బరీరా. కాదు, సిఫారసు మాత్రమే అన్నారు ఆయన. "అయితే నాకు అతను అక్కర్లేదు" అంది. ఆయన ఆమెను ఒక్క మాట అనలేదు. ప్రవక్త గారి మాటలు, పనులు రాసిపెట్టిన బుఖారీ హదీసుల్లో ఉంది. నలభై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పాను, ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ గొంతు పట్టేసేది.

పుంగనూరు భాయ్ | శనివారం, ఉదయం 7:10

ఆపా, మీ బాధ అర్థమైంది. మెహర్ విషయంలో మీకు జరిగింది అన్యాయమే. కానీ ఒక మాట చెప్పాలి. సంస్కరణ అనే మాట వినబడితేనే మా ఊళ్లో జనం బిగుసుకుపోతారు. ఎందుకో కూడా ఆలోచించండి. మన ఆడవాళ్ల మీద జాలి చూపించే ప్రతివాడూ మన మంచి కోరేవాడు కాదు. 2017లో ఒకేసారి మూడు తలాక్‌లు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పింది, సరే. తర్వాత 2019లో చట్టం తెచ్చి మొగుడికి మూడేళ్ల వరకూ జైలు పెట్టారు. తలాకే చెల్లనప్పుడు జైలు ఎందుకు? ఆయన జైల్లో ఉంటే ఇల్లు ఎవరు గడపాలి? వేరే మతాల్లో పెళ్లాన్ని వదిలేసి పోయినవాడికి ఆ జైలు లేదు కదా.

మన ఇంటి గొడవ వీధిలో వేసుకుంటే చూసి సంతోషించేవాళ్లు ఉన్నారు. నా భయం అదే.

బైరాగిపట్టెడ ఆపా | శనివారం, ఉదయం 7:52

భాయ్, జైలు విషయంలో నేనూ మీలాగే అనుకుంటున్నాను. కానీ రెండేళ్లు నేను మన ఇంట్లోనే అడిగాను. జమాత్ (మసీదు సంఘం) పెద్దల గడప ముందు చెప్పులు విప్పి నిలబడ్డాను. లోపల కూర్చుని నా గురించి మాట్లాడింది అందరూ మగవాళ్లే. నన్ను లోపలికి పిలిచింది ఒక్కసారి, అదీ సంతకానికి. ఇంట్లో వినేవాళ్లు ఉంటే వీధిలోకి ఎవరు వెళ్తారు?

చిత్తూరు అడ్వకేట్ | శనివారం, మధ్యాహ్నం 2:15

ఆపా, నేను చిత్తూరు కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. ఇలాంటి కేసులు చాలా చూశాను. మీరు అడిగిన నాలుగో దానికి పేరుంది: తఫ్వీజ్. తలాక్ చెప్పే అధికారాన్ని భర్త నికాహ్‌నామాలోనే భార్యకు అప్పగించడం. మన కోర్టులు ఎప్పటి నుంచో ఒప్పుకుంటున్నాయి. చట్టం కొత్తగా ఏమీ ఇవ్వక్కర్లేదు, మనం రాయించుకోకపోవడమే లోటు.

పుంగనూరు భాయ్ చెప్పినదానికి కొంచెం కలపాలి. 2017 ఆగస్టు 22న ఆ తీర్పు 3-2 తేడాతో వచ్చింది. కోర్టుకు వెళ్లిన షాయరా బానో ఉత్తరాఖండ్‌లోని కాశీపూర్ ఆవిడ. 2007లో ఏర్పడిన భారతీయ ముస్లిం మహిళా ఆందోళన్ కూడా ఆ కేసులో ఉంది. జకియా సోమన్, నూర్జహాన్ సఫియా నియాజ్ దాన్ని మొదలుపెట్టినవాళ్లు. వాళ్ల వాదన మొదటి నుంచీ ఖురాన్ ఆధారంగానే: భార్యాభర్తలకు పొసగకపోతే ఆమె వైపు ఒకరు, ఆయన వైపు ఒకరు పెద్దమనిషి కూర్చుని సర్దాలని నాలుగో సూరా 35వ ఆయత్ చెబుతుంటే, ఒక్క శ్వాసలో మూడుసార్లు అనేసి కాపురం ఎలా తెంచుతారని. ఈజిప్టు 1929లోనే ఒక్కసారి చెప్పిన మూడింటిని ఒక్కటిగా లెక్కించాలని చట్టం చేసింది. పాకిస్తాన్ 1961లో తలాక్‌కు రాతపూర్వక నోటీసు, 90 రోజుల గడువు పెట్టింది.

భరణం సంగతి చాలామందికి తెలియదు, అందుకే చెబుతున్నాను. విడాకులైన ముస్లిం స్త్రీకి భరణం ఇవ్వాలన్న 1985 షాబానో తీర్పు, 1986లో దాన్ని పక్కనపెట్టే చట్టం అందరూ విన్నవే. 2001లో డానియల్ లతీఫీ కేసులో ఏమన్నారో మాత్రం వినలేదు. ఇద్దత్ (విడాకుల తర్వాత ఆమె ఆగాల్సిన గడువు) మూడు నెలలకు మాత్రమే కాదు, ఆమె ముందు జీవితానికి సరిపడా ఏర్పాటును ఆ గడువు లోపల చేయాలన్నారు. 2024 జూలై 10న వచ్చిన తీర్పు అయితే మన పక్కన తెలంగాణ కేసే. ఫ్యామిలీ కోర్టు నెలకు 20,000 ఇవ్వమంటే హైకోర్టు 10,000 చేసింది. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్తే, విడాకులు తీసుకున్న ముస్లిం స్త్రీ కూడా అందరిలాగే మామూలు చట్టం కింద భరణం అడగవచ్చని తేల్చారు.

ఆపా, మీ ఖులా సమయంలో మెహర్‌తో పాటు ఇవన్నీ వదులుకున్నట్టు రాయించారా? వీలైతే ఆ కాగితం ఒకసారి నాకు చూపించండి.

చంద్రగిరి హాఫిజ్ | శనివారం, రాత్రి 9:05

అస్సలాము అలైకుమ్. నేను ఒక మసీదులో ఇమామత్ చేస్తాను, అంటే నమాజ్ చదివిస్తాను. ఈ చర్చ నిన్నటి నుంచి చదువుతున్నాను.

ఆపా, మీరు అడిగినదాంట్లో దీన్‌కు వ్యతిరేకం ఏమీ లేదు. మీరు నెరవేర్చే షరతుల్లో అన్నిటికంటే ముందు నెరవేర్చాల్సినవి నికాహ్ షరతులని ప్రవక్త గారి మాట. అయితే రాసే పద్ధతి ముఖ్యం. "రెండో నికాహ్ చేసుకోకూడదు" అని ఊరికే రాస్తే మన హనఫీ ఫిఖ్హ్‌లో (మనం పాటించే ధర్మశాస్త్ర పద్ధతిలో) నికాహ్ చెల్లుతుంది కానీ ఆ షరతుకు బలం ఉండదు. హంబలీ పద్ధతివాళ్లు దాన్ని ఒప్పుకుంటారు. అదే "నేను రెండో నికాహ్ చేసుకుంటే, తనకు తాను తలాక్ ఇచ్చుకునే అధికారం ఈమెకు అప్పగిస్తున్నాను" అని రాస్తే మనలోనూ చెల్లుతుంది. ఉద్యోగం మాన్పించినా, ఖర్చుకు ఇవ్వకపోయినా ఇదే వాక్యం కింద చేర్చండి. ఇంకో సంగతి, ఈ షరతుతో ఈజాబ్ (పెళ్లి ప్రతిపాదన) అమ్మాయి వైపు నుంచి రావాలి, అబ్బాయి ఖుబూల్ (ఒప్పుకున్నాను) అనాలి. లేదంటే నికాహ్ అయ్యాక అబ్బాయి రాసి సంతకం పెట్టాలి. ఈ వరుస తప్పితే ఫిఖ్హ్ లెక్కలో తఫ్వీజ్ నిలవదు.

అపశకునం అన్న పెద్దాయనకు ఇది చెప్పండి. మన దేశంలో 1939 నాటి చట్టం ఉంది, ముస్లిం స్త్రీ కోర్టుకు వెళ్లి నికాహ్ రద్దు చేయించుకునేది. అది ఎలా వచ్చిందంటే, భర్త కనిపించకుండా పోతే హనఫీ పద్ధతిలో ఆడది దాదాపు ఒక జీవితకాలం ఎదురుచూడాలి. పంజాబ్ వైపు కొందరు ఆడవాళ్లు వేరే దారి లేక మతమే వదిలేశారు, అలాగైనా ఆ నికాహ్ తెగుతుందని. అది చూసి మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ గారు, అంత గట్టి హనఫీ ఆలిమ్ (పండితుడు), మాలికీ మజ్‌హబ్ (ఇంకో ధర్మశాస్త్ర పద్ధతి) నుంచి నాలుగేళ్ల గడువు తీసుకోవచ్చని గ్రంథం రాశారు. ఆ తర్వాత చట్టం వచ్చింది. నాలుగేళ్లు భర్త ఆచూకీ లేకపోయినా, రెండేళ్లు ఖర్చుకు ఇవ్వకపోయినా నికాహ్ రద్దు అడగవచ్చు. థాన్వీ గారిని ఎవరూ టీవీ మనిషి అనలేరు కదా. ఒక ఆడది దీన్ వదిలిపోయే పరిస్థితి వచ్చిందంటే ఆ పాపంలో ఫత్వా చెప్పేవాడికీ వాటా ఉందని ఆయనకు తెలుసు. నేను ఇమామ్‌గా ఉన్నాను కాబట్టి ఇది నాకు గుచ్చుకుంటుంది.

జోడా డబ్బు గురించి మాత్రం సర్దుకునే మాట లేదు. మెహర్ సంతోషంగా ఇవ్వమని ఖురాన్‌లో ఉంది. జోడా ఎక్కడా లేదు. రెండు లక్షలు తీసుకుని 10,786 బాకీ పెట్టే నికాహ్‌లకు దువా చదవడానికి నాకు నోరు రాదు.

వాయల్పాడు నూర్‌బాషా | ఆదివారం, ఉదయం 11:30

మేము దూదేకులవాళ్లం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా నాయనకు ఉర్దూ రాదు, అమ్మకు అసలే రాదు. జుమా (శుక్రవారం నమాజ్) ఖుత్బాకు ముందు బయాన్ (ప్రసంగం) ఉర్దూలో నడుస్తుంటే మా వరసలో సగం మంది చాప అంచు పోగులు లాక్కుంటూ కూర్చుంటారు. ఈ అక్క చెప్పిన ఐన్, వావ్ సంగతి చదివి నాకు ఆ చాప గుర్తొచ్చింది.

నా ఉద్దేశంలో మన దగ్గర సంస్కరణ తెలుగు నుంచి మొదలవ్వాలి. మన అనంతపురంలో పాఠాలు చెప్పిన చిలుకూరి నారాయణరావు గారు, బ్రాహ్మణ పండితుడు, ఖురాన్‌ను మొట్టమొదట తెలుగులోకి తెచ్చారు. ఆ తర్వాత ఎన్నో అనువాదాలు వచ్చాయి. ఇంత జరిగినా నికాహ్‌నామాకు మాత్రం తెలుగు రాలేదు, అమ్మాయి చదవలేని కాగితం మీదే సంతకం పెట్టిస్తున్నాం. ఎడమ వైపు ఉర్దూ, కుడి వైపు తెలుగు ఉన్న ఫారం ఒకటి తయారుచేద్దాం. హాఫిజ్ గారు చూసి సరిదిద్దితే డీటీపీ ఖర్చు నేను పెట్టుకుంటాను.

ముగ్గురు ఆడపిల్లల నాన్న | ఆదివారం, మధ్యాహ్నం 3:20

నాదీ ఒక ప్రశ్న. నాకు ముగ్గురూ ఆడపిల్లలే. నా తర్వాత ఆస్తిలో కొంత మా అన్నదమ్ములకు వెళ్తుందంటున్నారు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. కానీ నేను చిత్తూరులో మామిడి మండీలో గంపలు మోసిన డబ్బుతో కట్టిన రెండు గదుల ఇల్లు అది. పిలకాయలకే ఉండాలని నా కోరిక. ఇలా కోరుకుంటే గుణాహ్ (పాపం) అవుతుందా?

చిత్తూరు అడ్వకేట్ | ఆదివారం, సాయంత్రం 5:45

అన్నా, మీరు చెప్పింది నిజమే. కొడుకులు లేకపోతే కూతుళ్లందరికీ కలిపి మూడింట రెండు వంతులు, భార్యకు ఎనిమిదో వంతు, మిగిలింది అన్నదమ్ములకు. వసీయత్ (వీలునామా) రాసినా మూడో వంతు దాటకూడదు, వారసులకు రాస్తే మిగతా వారసులు ఒప్పుకోవాలి. కానీ మీరు బతికుండగా హిబా (దానం) చేయవచ్చు. ఇస్తున్నానని చెప్పాలి, వాళ్లు తీసుకోవాలి, స్వాధీనం అప్పగించాలి. ఈ మూడూ జరిగితే చెల్లుతుంది. పిల్లలు ముగ్గురికీ సమానంగా చేయండి, కాగితం రాసి రిజిస్టరు చేయించండి.

కేరళలో సి. షుక్కూర్ అనే లాయరు, సినిమాల్లోనూ నటిస్తారు, ఇదే బాధతో 2023 మార్చి 8న తన భార్యనే మళ్లీ పెళ్లి చేసుకున్నారు, స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద. ఆయనకూ ముగ్గురు కూతుళ్లే. ఆ చట్టం కింద రిజిస్టరైతే వారసత్వం మామూలు సక్సెషన్ చట్టం ప్రకారం పోతుంది. ఆయన మీద విమర్శలూ వచ్చాయి. ఏ దారి పట్టాలన్నది మీ ఇష్టం.

తిరుచానూరు మిత్రుడు | ఆదివారం, రాత్రి 8:00

నేను ముస్లింను కాను, ఆపా నమస్కారం పెట్టారు కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను. మా వాళ్లలో ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచి ఉంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. అయినా మా పెద్దక్క మొన్న రిజిస్ట్రార్ ఆఫీసులో హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టి, బయట టీ బంకు దగ్గర కళ్లు తుడుచుకుంది. పుట్టింటికి రాకపోకలు ఉండాలంటే పెట్టాలి అన్నారు. నేనూ అక్కడే ఉన్నాను, మాట్లాడలేదు. అన్నా, మీ ఇంటి గురించి మీరు అడిగినట్టు నేను ఆరోజు అడగలేకపోయాను.

పలమనేరు టీచరమ్మ | సోమవారం, రాత్రి 9:15

మసీదు సంగతి ఎవరూ ఎత్తలేదు. ట్రైనింగుకు తిరుపతి వస్తే నాకు అసర్, మగ్రిబ్ నమాజ్‌లు ఎక్కడ చదవాలో తెలియదు. మొన్న బస్టాండులో ఒక మూల, లగేజీ గోడకు ఆనించి, దుపట్టా పరుచుకుని చదివాను. ఐదు నిమిషాల దూరంలో మసీదు ఉంది, మావారు అక్కడ చదువుకుని వచ్చారు. అల్లాహ్ దాసీలను అల్లాహ్ మసీదుల నుంచి ఆపకండి అని హదీసు ఉంది. ముస్లిం పర్సనల్ లా బోర్డు కూడా 2020లో సుప్రీంకోర్టుకు ఆడవాళ్లు మసీదులో నమాజ్ చేయవచ్చని అఫిడవిట్ ఇచ్చింది. మరి తలుపు ఎందుకు తెరవరు?

తమిళనాడు పుదుక్కోట్టైలో దావూద్ షరీఫా ఖానమ్ గారు ఆడవాళ్లకే ఒక జమాత్ పెట్టి, ఆడవాళ్ల తగాదాలు ఆడవాళ్లే కూర్చుని వినేలా చేశారు. నన్నడిగితే ఇంకా ముందుకు వెళ్లాలి. అమెరికా ముస్లిం పండితురాలు అమీనా వదూద్ గారు 2005లో న్యూయార్క్‌లో జుమా నమాజ్ చదివించారు. 2018లో కేరళ మలప్పురంలో జమీదా టీచర్ చదివించారు. ప్రవక్త గారు ఉమ్మె వరఖా అనే ఆమెను తన ఇంటివాళ్లకు ఇమామత్ చేయమన్నారని అబూ దావూద్ హదీసుల్లో ఉందిగా.

చంద్రగిరి హాఫిజ్ | సోమవారం, రాత్రి 10:30

టీచరమ్మా, ఇమామత్ విషయంలో నేను మీతో ఏకీభవించను. ఉమ్మె వరఖా హదీసు ఇంటివరకేనని మా ఉస్తాదులు చెప్పారు, నేను అదే నమ్ముతాను. మలప్పురం ఆవిడకు బెదిరింపులు వచ్చాయని చదివాను, అది మాత్రం హరామ్ కంటే హరామ్.

తలుపు గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను. మా మసీదు పక్కన గిన్నెలు, డేగ్చాలు పెట్టే గది ఒకటి ఉంది. అది ఖాళీ చేసి వజూకు (నమాజ్‌కు ముందు కడుక్కోవడానికి) కుళాయి పెడితే ప్రయాణాల్లో ఉన్న ఆడవాళ్లకు సరిపోతుంది. కమిటీలో రెండుసార్లు అడిగాను. ఈ శుక్రవారం మళ్లీ అడుగుతాను.

పుంగనూరు భాయ్ | మంగళవారం, ఉదయం 6:50

అన్నీ చదివాను. టీచరమ్మ చెప్పిన దారి నాకు దూరం, అది మారదు. కానీ రాత్రి మా ఇంటావిడను అడిగాను, నీ మెహర్ ఎంతో తెలుసా అని. తెలియదంది. నాకూ గుర్తు లేదు. పందొమ్మిదేళ్లయింది. బీరువా అడుగున కాగితం వెతికి చూస్తే 7,500 అని ఉంది, మువజ్జల్. ఈరోజు బంగారం ధరతో లెక్క వేసి ఇద్దామనుకుంటున్నాను. హాఫిజ్ గారు, అలా ఇవ్వవచ్చా?

చంద్రగిరి హాఫిజ్ | మంగళవారం, ఉదయం 8:20

7,500 బాకీ. ఆ పైన ఇచ్చేది మీ ప్రేమ. రెండూ ఇవ్వండి భాయ్.

బైరాగిపట్టెడ ఆపా | తర్వాతి ఆదివారం, రాత్రి 10:10

ఈరోజు రెండు ఇళ్లవాళ్లం కూర్చున్నాం. అందరూ అడుగుతున్నారు కాబట్టి జరిగింది రాస్తున్నాను.

మెహర్ రెండు సవర్ల బంగారం, ముఅజ్జల్, మజ్లిస్‌లోనే చేతికి. ఉద్యోగానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. తఫ్వీజ్ మాట రాగానే అబ్బాయి వాళ్ల మేనమామ లేచి వరండాలోకి వెళ్లిపోయారు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. నాకు చేతులు వణికాయి. అప్పుడు అబ్బాయే, హాఫిజ్ గారు చెప్పిన వాక్యం నా ఫోన్‌లోంచి చదివి, "నేను ఈ పని చేస్తే కదా ఈ మాట వాడేది, రాయండి" అన్నాడు. మా చెల్లెలు తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఈసారి లోపలి గదిలో కూర్చోలేదు.

అన్నీ కుదరలేదు. జోడా డబ్బు వద్దన్నారు కానీ మంచం, బీరువా, వాషింగ్ మెషీన్ మీ ఇష్టం అన్నారు. మీ ఇష్టం అంటే ఏమిటో మనకు తెలుసు. అబ్బా ఇస్తానన్నారు. చెల్లెలు రాత్రి అన్నం తినలేదు. చిచ్చా వకీలుగా ఉండనని చెప్పేశారు.

రెండు సందేహాలు. ఇక్కడి రిజిస్టరులో షరతుల గడి ఒక్క గీతంత ఉంది, ఇదంతా పట్టదు. చిచ్చా బదులు మా మామ కొడుకు వకీలుగా ఉండవచ్చా?

వాయల్పాడు నూర్‌బాషా | ఆదివారం, రాత్రి 10:35

అక్కా, తెలుగు, ఉర్దూ ఫారం తయారైంది, ఒక్క పేజీ. అక్షరాలు పెద్దవిగా పెట్టించాను. మెహర్ గడిలో "వెంటనే", "తర్వాత" అని తెలుగులోనే ఉంది, ఏదో ఒకటి కొట్టేయాలి. హాఫిజ్ గారికి పంపాను.

చంద్రగిరి హాఫిజ్ | ఆదివారం, రాత్రి 11:00

చూశాను, రెండు చోట్ల దిద్దాను. ఆపా, రిజిస్టరు గడిలో "జతచేసిన కాగితం చూడండి" అని రాయించండి. కాగితం మీద రిజిస్టరు నంబరు, పేజీ నంబరు వేసి, ఇద్దరి సంతకాలు, సాక్షుల సంతకాలు, ఖాజీ ముద్ర ఉండాలి. మూడు నకళ్లు చేయండి, ఒకటి చెల్లెలి దగ్గరే ఉండాలి. వకీలుగా మీ మామ కొడుకు ఉండవచ్చు. ఆ ఆదివారం జొహర్ (మధ్యాహ్నం నమాజ్) చదివించి బయలుదేరతాను, మూడింటికల్లా మీ ఇంట్లో ఉంటాను. సంతకానికి ముందు మొత్తం తెలుగులో గట్టిగా చదువుతాను. చెల్లెలికి వినబడేంత దగ్గరలో కుర్చీ వేయించండి.